స్వోర్డ్ అండ్ సోర్సరీ, షేర్డ్ వరల్డ్ నవలలు: అపోహలు - వాస్తవాలు

నేను చేసేది కంటిన్యుటీ ఎడిటింగ్. నలుగురైదుగురు రచయితలు ఒకే ఊహాలోకంలో (షేర్డ్ వరల్డ్ అంటే అదే) నవలలు రాస్తుంటే, ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు రాసినదానికి అడ్డం తిరగకుండా చూసుకునే పని. ఆ నవలలు స్వోర్డ్ అండ్ సోర్సరీ రకం, అంటే కత్తులు, మంత్రాల సాహసకథలు. కిరాయి సైనికులు, దొంగలు, పాడుబడ్డ గుళ్ళు, మంత్రగాళ్ళు, రోజంతా వీళ్ళతోనే గడుస్తుంది. ఈ పని చేస్తానని చెప్పగానే జనం అనే మాటలు కొన్ని ఉన్నాయి, కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. ఈ రకం నవల రాద్దామని సరదా ఉన్న తెలుగు కుర్రాళ్ళు, అమ్మాయిలు కూడా అవే నమ్మి మొదట్లోనే వెనక్కి తగ్గుతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: షేర్డ్ వరల్డ్ నవల అంటే ఫ్యాన్ ఫిక్షనే, పేరు మాత్రం పెద్దది.

వాస్తవం: కాదండీ. ఫ్యాన్ ఫిక్షన్ ఇంకొకరి పాత్రల మీద అభిమానంతో ఎవరి ఇష్టానికి వాళ్ళు రాసుకునేది, దాన్ని నేనేం తక్కువ చేయట్లేదు. షేర్డ్ వరల్డ్‌లో మాత్రం ముందే ఒప్పందం ఉంటుంది. అది రెండు రకాలు. రచయితలే కూడబలుక్కుని ఒక లోకం కట్టుకోవడం ఒకటి, దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ థీవ్స్ వరల్డ్. 1978లో బోస్టన్‌లో జరిగిన సైన్స్ ఫిక్షన్ సభలకి వెళ్ళినప్పుడు రాబర్ట్ ఆస్ప్రిన్, లిన్ ఆబీ, గోర్డన్ డిక్సన్ భోజనాల దగ్గర మాట్లాడుకుంటుంటే పుట్టిన ఆలోచన అది, ఈ రకం కథ రాయాలనుకున్న ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త దేవుళ్ళు, కొత్త చరిత్ర మొదట్నుంచీ కట్టుకోవాల్సి వస్తోంది, అదేదో అందరం ఒకే ఊరు వాడుకుంటే పోలా అని. 1979లో మొదటి సంకలనం వచ్చింది. ఊరి పేరు శాంక్చువరీ, సామ్రాజ్యం అంచున పడున్న ఒక దొంగల ఊరు. పోల్ ఆండర్సన్, జాన్ బ్రన్నర్ లాంటి అప్పటికే పేరున్నవాళ్ళు అందులో రాశారు, 1989 దాకా 12 సంకలనాలు వచ్చాయి. వాళ్ళు పెట్టుకున్న రూల్ నాకు చాలా ఇష్టం: ఇంకొకరి పాత్రని నీ కథలోకి తెచ్చుకోవచ్చు, కానీ చంపకూడదు, మరీ గుర్తుపట్టలేనంత మంచివాడిగా మార్చేయకూడదు. చంపొద్దనడం ఎవరికైనా తడుతుంది, రెండోది మాత్రం ఈ రకం కథ ప్రాణం ఎక్కడుందో తెలిసినవాళ్ళకే తడుతుంది.

ఇక రెండో రకం, లోకం కంపెనీదై ఉండటం. ఫర్గాటెన్ రెల్మ్స్ అలాంటిది. కెనడాకి చెందిన ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నప్పుడే, 1960ల్లో, తన కథల కోసం ఊహించుకున్న లోకం అది, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేస్తూ కథలా ఆడుకునే ఆట) గేమ్ అప్పట్లో తీసిన టీఎస్ఆర్ కంపెనీ కొనుక్కుని 1987లో మార్కెట్‌లోకి తెచ్చింది, తర్వాత వందలకొద్దీ నవలలు వచ్చాయి. ఇలాంటి చోట రచయితకి డబ్బు, పేరు వస్తాయి గానీ మామూలుగా పాత్ర కంపెనీకే పోతుంది. నువ్వు పుట్టించిన పాత్రతో రేపు ఇంకొకళ్ళు నవల రాస్తే నువ్వు చేయగలిగేది ఏమీ ఉండదు, అది ముందే తెలుసుకుని సంతకం పెట్టాలి. కొత్తవాళ్ళు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే, కాంట్రాక్ట్‌లో పాత్రల హక్కులు ఎవరివో రాసిన పేరా రెండుసార్లు చదువు అని.

అపోహ: వేరేవాళ్ళ లోకంలో రాస్తే మన క్రియేటివిటీకి చోటుండదు.

వాస్తవం: అద్దె ఇంట్లో మేకు కొట్టుకోవచ్చు, గోడ పడగొట్టకూడదు, అంతవరకే ఇబ్బంది. అసలు అడ్డొచ్చిన గోడ వల్లే పుట్టిన గొప్ప పాత్ర ఒకటుంది. 1980ల చివర్లో ఆర్.ఎ. సాల్వటోరే ఫర్గాటెన్ రెల్మ్స్‌కి నవల రాయడానికి నమూనా పంపినప్పుడు ఆయనకి చదవడానికి ఇచ్చింది అప్పటికి ఉన్న ఒక్క నవల, డగ్లస్ నైల్స్ మూన్‌షే దీవుల మీద రాసింది. ఆ దీవులే మొత్తం లోకం అనుకుని అందులోని ఒక పాత్రని తన కథలో పెట్టేశారు. అది నైల్స్ పాత్ర, నువ్వు వాడకూడదు, ఇంకో తోడు పాత్ర కావాలని ఎడిటర్ మేరీ కర్చాఫ్ ఫోన్‌లో అడిగితే, అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పారాయన: ఒక డ్రో, అంటే భూమి కింద ఉండే నల్లటి ఎల్ఫ్ (ఎల్ఫ్ అంటే వందల ఏళ్ళు బతికే ఊహాజాతి). అదే డ్రిట్జ్. కథని కూడా ఆ దీవులకి బాగా దూరంగా, ఉత్తరాన మంచుప్రాంతానికి జరిపారు. 1988లో మొదటి నవల వచ్చింది, హీరో పక్కన నిలబడటానికి పుట్టినవాడే సిరీస్ మొత్తానికి హీరో అయ్యాడు. వాడకూడదు అనే ఒక్కమాట రాకపోతే ఆ పాత్రే లేదు, కొత్త రచయితలు రూల్స్ చూసి బెంగపడుతుంటే నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తా.

అపోహ: ఫాంటసీ నవల కదా, లోకం అంతం అయ్యే ప్రమాదం, దాన్ని ఆపే హీరో లేకపోతే ఎలా?

వాస్తవం: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తా. లోకాన్ని కాపాడే కథ ఎపిక్ ఫాంటసీ. స్వోర్డ్ అండ్ సోర్సరీలో పందెం చిన్నది, కానీ ఆ మనిషికి అదే ప్రాణం. చేతిలో చిల్లర లేదు, గుడిలో ఒక రత్నం ఉంది, పూజారి మనిషి కాకపోవచ్చు, తెల్లారేలోపు బయటపడాలి. ఇంతే కథ. రాబర్ట్ హోవర్డ్ 1932 డిసెంబర్‌లో వియర్డ్ టేల్స్ పత్రికలో కోనన్ అనే కత్తి వీరుణ్ణి మొదలుపెట్టినా, 1939లో ఫ్రిట్జ్ లైబర్ ఫాఫర్డ్, గ్రే మౌసర్ అనే ఇద్దరు దొంగ స్నేహితుల్ని తెచ్చినా, కథలు నడిచింది చాలావరకు ఇదే దారిలో. స్వోర్డ్ అండ్ సోర్సరీ అన్న పేరు పెట్టింది కూడా లైబరే, 1961లో.

ఇప్పుడు దీన్ని షేర్డ్ వరల్డ్ పక్కన పెట్టి చూడండి. లోకం అందరిదీ అయినప్పుడు ఒక రచయిత తన నవల్లో రాజధానిని తగలబెడితే మిగతావాళ్ళ నవలలన్నీ కాలిన రాజధానితోనే నడవాలి. ఫర్గాటెన్ రెల్మ్స్‌లో పైనుంచే ఇలాంటి పని జరిగింది. 1989లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ రూల్స్ రెండో ఎడిషన్ వచ్చినప్పుడు ఆటగాళ్ళు ఎంచుకునే పాత్రల రకాల్లోంచి హంతకుల రకాన్ని తీసేశారు, ఆ మార్పుకి కథలో కారణం కావాలి కాబట్టి ఒక దేవుడు తన బలం కోసం లోకంలోని హంతకులందర్నీ ఒకేసారి బలి తీసుకున్నట్టు రాశారు. 2008లో నాలుగో ఎడిషన్ అప్పుడు కాలాన్నే దాదాపు 100 ఏళ్ళు ముందుకి జరిపారు, దాంతో పాత నవలల్లోని మామూలు మనుషుల పాత్రలు చాలావరకు వయసైపోయి పోయినట్టే లెక్క. డ్రిట్జ్ ఎల్ఫ్ కాబట్టి బతికాడు, స్నేహితులు పోయారు, వాళ్ళని మళ్ళీ పుట్టించి వెనక్కి తేవడానికి 2013లో ఒక నవల రాయాల్సొచ్చింది. పాఠకుడు ఇరవై ఏళ్ళు ప్రేమించిన మనుషుల్ని రూల్ బుక్ కోసం చంపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

చిన్న పందెం కథకి ఈ గొడవ రాదు. రత్నం దొరికినా దొరక్కపోయినా పక్క రచయిత నవలకి ఏమీ కాదు, కానీ ఆ పూజారి ముఖం, ఆ గుడి వెనక సందు, ఆ సారా దుకాణం యజమాని అప్పు పుస్తకం లోకంలో మిగిలిపోతాయి, వాటిని ఇంకొకళ్ళు ఎత్తుకుని ఇంకో కథ అల్లుతారు. షేర్డ్ వరల్డ్‌కి అచ్చంగా సరిపోయే కథ ఏదైనా ఉందంటే అది స్వోర్డ్ అండ్ సోర్సరీనే, ఇది నా గట్టి నమ్మకం. ప్రళయం రాయాలనిపిస్తే సొంత లోకం కట్టుకుని రాసుకోండి.

అపోహ: ఊహాలోకమే కదా, లెక్కలెవరు చూస్తారు?

వాస్తవం: పాఠకులు చూస్తారు, నాకంటే గట్టిగా చూస్తారు. నా దగ్గర ఒక పెద్ద షీట్ ఉంటుంది, అందులో ఏ పాత్రది ఎడమచేతి వాటం, ఎవరికి ఏ కంటి పక్కన మచ్చ, ఏ ఊళ్ళో ఏ నాణెం చెల్లుతుంది, ఏ దేవుడి పేరు మీద ఒట్టు పెడతారు, అన్నీ ఏ నవల్లో ఏ పేజీలో ఉన్నాయో రాసుంటుంది. ఎక్కువగా దొరికే తప్పు దారిది. ఒక నవల్లో రేవు నుంచి కొండకోటకి బళ్ళ బిడారు వెళ్ళడానికి పది రోజులు పట్టింది, ఇంకో రచయిత రాతప్రతిలో హీరో గుర్రమెక్కి మర్నాటి సాయంత్రానికల్లా కోట ముందు దిగుతాడు. ఎద్దుబండి రోజుకి 20 కిలోమీటర్లు పోతుందనుకుంటే ఆ దారి 200 కిలోమీటర్లు, అదే గుర్రం మీద రోజుకి 50 అనుకున్నా నాలుగు రోజులు. ఇప్పుడు ఏం చేయాలి? మాయ పెట్టి ఎగరేయడం సుళువు, కానీ అలా చేస్తే మొదటి నవల్లో పది రోజులు ఎండలో నడిచినవాళ్ళ కష్టానికి విలువ పోతుంది. అందుకే నేను సామాన్యంగా ఆ నాలుగు రోజులూ ఉంచమంటా, ఆ దారిలో ఒక రాత్రి సత్రంలో రాయమంటా, అలా రాసిన రాత్రే చాలాసార్లు నవల్లో అన్నిటికంటే బాగా వస్తుంది.

అపోహ: మాయ ఉంది కాబట్టి ఏదైనా చేయొచ్చు.

వాస్తవం: ఈ రకం కథల్లో మాయ ఊరికే రాదు, ఎక్కడో ఒకచోట ఖరీదు కట్టాలి. మైకేల్ మూర్‌కాక్ రాసిన ఎల్రిక్‌నే చూడండి, రోగిష్టి రాజు, చేతిలోని నల్లకత్తి చంపినవాళ్ళ ఆత్మలు తాగి అతనికి బలం ఇస్తుంది, కానీ ఆ కత్తి అతను ప్రేమించినవాళ్ళని కూడా వదలదు. గేముల్లో మంత్రం ఒకసారి వాడితే బుర్రలోంచి చెరిగిపోవడం అనే పద్ధతి జాక్ వాన్స్ 1950లో తెచ్చిన కథల నుంచి వచ్చింది. షేర్డ్ వరల్డ్‌లో ఈ ఖరీదు అందరికీ ఒకటే ఉండాలి, ఒక రచయిత దగ్గర చచ్చినవాణ్ణి లేపడానికి మంత్రగాడు పదేళ్ళ ఆయుష్షు ఇచ్చుకుంటే ఇంకొకరి దగ్గర చిటికెతో లేవకూడదు.

అపోహ: ఆ కత్తులు పది కిలోలు ఉండేవి, అందుకే హీరోకి అంత కండ.

వాస్తవం: ఐరోపా మధ్యయుగపు లాంగ్‌స్వోర్డ్ కిలో నుంచి కిలోన్నర దాకా ఉండేది. రెండు చేతులతో తిప్పే పేద్ద యుద్ధపు కత్తులు కూడా మామూలుగా రెండు మూడు కిలోలే. ఇంకొకటి, హీరో వీపు మీద ఒరలోంచి పొడుగు కత్తి సర్రుమని లాగడం. పోస్టర్ మీద చాలా బావుంటుంది, కానీ కత్తి అలుగు 90 సెంటీమీటర్లు ఉంటే చెయ్యి పూర్తిగా చాపినా మొన ఒరలోంచి బయటికి రాదు, సగంలో ఇరుక్కుంటుంది. అలాంటి సీన్ వస్తే నేను ఒరని ఎడమ నడుముకి మార్చమంటా, లేదా గుర్రం జీనుకి కట్టించమంటా, అప్పుడు గుర్రం దగ్గర లేని టైమ్‌లో దాడి జరిగితే భయం నిజంగా పుడుతుంది.

కత్తి మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళు గర్వపడాల్సిన సంగతి ఒకటి. ఫాంటసీ నవలల్లో నీటి అలల్లాంటి గీతలున్న మాయ ఉక్కు ఎక్కడ కనిపించినా దాని వెనక ఉన్న అసలు సరుకు మన దేశంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు, ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అది తయారయ్యేది, ఇరాన్ వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళు, 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్‌సీ అనే ఆయన చూసి రాసిపెట్టాడు కూడా. ఒక తెలుగు రచయిత రాబోయే నవల్లో కొలిమి సీన్ రాయాలనుకుంటే ముందు ఈ ఊరి సంగతులు చదవాలని నా కోరిక.

అపోహ: ఇవి మగవాళ్ళు మగవాళ్ళ కోసం రాసుకున్న కథలు.

వాస్తవం: కోనన్ వచ్చిన రెండేళ్ళకే, 1934లో, అదే పత్రికలో సి.ఎల్. మూర్ కత్తి పట్టిన జిరెల్‌ని తెచ్చింది. మూర్ ఆడమనిషి, జిరెల్ కూడా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆధారంగా వచ్చిన మొదటి నవల 1978లో రాసింది ఆండ్రే నార్టన్, ఆవిడా ఆడమనిషే.

అపోహ: మొదటి పుస్తకం నుంచి వరుసగా చదవకపోతే అర్థం కాదు.

వాస్తవం: హోవర్డ్ కోనన్ కథలు వరుసలో రాయలేదు. అచ్చయిన మొదటి కథలోనే కోనన్ నడివయసు రాజు, తర్వాత వచ్చిన కథల్లో కుర్ర దొంగ, ఇంకో కథలో ఓడ దొంగ. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ మధ్య సంచిక నుంచి అందుకుని చదివిన తెలుగువాళ్ళకి ఇది కొత్తేం కాదు, కత్తి, మాంత్రికుడు, కొండగుహ, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తే కథ. షేర్డ్ వరల్డ్‌లో అయితే మంచి నవల ఎప్పుడూ కొత్త పాఠకుడి కోసం తలుపు తీసి ఉంచుతుంది, రచయితలకి నేను పెట్టే షరతు కూడా అదే, మొదటి ముప్పై పేజీల్లో వేరే పుస్తకం చదివితేనే అర్థమయ్యే పేరు ఒక్కటి కూడా ఉండకూడదు. చదవడం మొదలుపెట్టాలనుకునేవాళ్ళు లైబర్ ఇద్దరు దొంగల కథ ఏదో ఒకటి తీసుకోండి, ఏదైనా పర్లేదు, అది నచ్చితే శాంక్చువరీ ఊరి మొదటి సంకలనం, ఆ తర్వాత డ్రిట్జ్. రాయాలనుకునేవాళ్ళు ఆ సంకలనంతోనే మొదలుపెట్టి, ఒకరి పాత్ర ఇంకొకరి కథలోకి ఎక్కడ ఎలా అడుగుపెట్టిందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదవండి.