ఎప్పుడో ఛార్జయిపోయిన రాయి

హెటిరోసైట్ అనే ఖనిజం అసలు రంగు వంగపండు రంగు. కానీ చాలాసార్లు పైకి బొగ్గుముక్కలాగా కనిపిస్తుంది. ఆమ్లంతో కడిగితే మాంగనీసు మకిలి వదిలి, లోపలి ఊదారంగు బయటపడుతుంది.

ఇది నేరుగా పుట్టే ఖనిజం కాదు. గ్రానైట్ శిలాద్రవం చల్లారేటప్పుడు చిట్టచివర మిగిలిన ద్రవంలో నీరు, లిథియం, భాస్వరం లాంటివి పోగుపడతాయి. అది గడ్డకడితే పెద్దపెద్ద స్ఫటికాల పెగ్మటైట్ తయారవుతుంది. మన గూడూరు వైపు కాకిబంగారం, అదే అభ్రకం, తవ్వింది ఇలాంటి రాతిలోనే. కొన్నిచోట్ల ఈ పెగ్మటైట్లలో ట్రిఫిలైట్ దొరుకుతుంది. బూడిదరంగులో ఉండే లిథియం ఇనుప ఫాస్ఫేట్ అది, కాస్త మాంగనీసు కూడా కలిసి ఉంటుంది.

పగుళ్లలోంచి నీరూ ఆక్సిజనూ దూరితే ట్రిఫిలైట్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటుంది. అప్పుడు ఆవేశాల లెక్క కుదరాలంటే లిథియం అయాన్ బయటికి నడవాల్సిందే. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా ఇల్లు నిలబడే ఉన్నట్టు, స్ఫటికం కూలదు. ఆ ఖాళీ ఇల్లే హెటిరోసైట్. ఒక్కోసారి ఒకే రాయిలో నడుమ బూడిదరంగు ట్రిఫిలైట్, దాని చుట్టూ లిథియం కొంత పోయిన గోధుమరంగు ఫెర్రిసిక్లరైట్, అంచున ఊదా హెటిరోసైట్ వరసగా కనిపిస్తాయి.

లిథియం ఇనుప ఫాస్ఫేట్ అనగానే ఈ-ఆటోలు నడిపేవాళ్లకు ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ గుర్తొచ్చి ఉంటుంది. నిజంగా అదే పదార్థం, స్ఫటిక నిర్మాణం కూడా అదే. ఛార్జింగ్ పెట్టినప్పుడు ధన ధ్రువంలోంచి లిథియం వెళ్లిపోతుంది, మిగిలేది హెటిరోసైట్ నిర్మాణమే. ఘనపరిమాణం సుమారు 7 శాతం తగ్గుతుంది, అంతే. బండి నడుస్తుంటే లిథియం తిరిగొస్తుంది. ఈ రాకపోకలు సాధ్యమేనని 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పాఢి, నంజుండస్వామి, గుడినఫ్ చూపించారు. భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఈ బ్యాటరీ వేడెక్కినా ఆక్సిజన్ సులువుగా ఊడిరాదు. మంటల టెన్షన్ తక్కువ కావడానికి పెద్ద కారణం ఇదే. నా మటుకు ఇందులో ముచ్చటైన సంగతి ఇంకోటి: రాయిని నిలబెట్టిందీ, బ్యాటరీని కాపాడేదీ ఒకే బంధం.

అయితే రాతిలో జరిగింది ఒకవైపు ప్రయాణమే. పోయిన లిథియం నీళ్లతోపాటు ఎటో కొట్టుకుపోయింది. పేర్ల విషయంలోనూ క్రమం తిరగబడింది. జర్మనీలోని బవేరియాలో దొరికిన ట్రిఫిలైట్‌కు ఖనిజ శాస్త్రవేత్త ఫుక్స్ పేరు పెట్టింది 1834లో. ఫ్రాన్స్‌లోని లిమూజాన్ పెగ్మటైట్లలో హెటిరోసైట్‌ను అప్పటికే, 1820లలోనే గుర్తించారు. అంటే ముందు మన చేతికి దొరికింది ఛార్జయిన రాయే.