కోరికకు అడ్డుపడేది ఏది? మారుతూ వచ్చిన జవాబు

మ్యానిఫెస్టేషన్ ఎలా చేయాలో తెలియనివాళ్లు ఇప్పుడు తక్కువే. కళ్లు మూసుకో, కోరిక తీరిపోయినట్టు ఊహించుకో, ఆ సంతోషాన్ని ఇప్పుడే అనుభవించు. ఇంతవరకూ అందరికీ తెలుసు. అసలు ప్రశ్న మూడు నెలలు పోయాక మొదలవుతుంది: "అన్నీ సరిగ్గానే చేస్తున్నాను కదా, మరి నా బ్లాక్ (అడ్డంకి) ఎక్కడుంది?"

దీనికి వినిపించే జవాబులు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. నీలో అనుమానం ఉంది. సబ్‌కాన్షియస్‌లో చిన్నప్పటి నమ్మకమేదో అడ్డుపడుతోంది. మరీ ఆరాటపడుతున్నావు, వదిలెయ్యి. నీ చుట్టూ ఉన్నవాళ్ల నెగటివిటీ నీకు తగులుతోంది. ఇవన్నీ ఒకే శాస్త్రంలోంచి వచ్చినట్టు చెబుతారు కానీ, నిజానికి ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో ఇరకాటంలోంచి పుట్టింది. పద్ధతి పారనప్పుడల్లా ఎవరో ఒకరు కొత్త అడ్డంకిని కనిపెట్టారు. ఆ వరుస చూస్తే మ్యానిఫెస్టేషన్ గురించి దాని విజయగాథల కన్నా ఎక్కువే తెలుస్తుంది.

కథ అమెరికాలోని మేన్ రాష్ట్రంలో, బెల్ఫాస్ట్ అనే ఊళ్లో, గడియారాలు చేసుకునే ఒక మనిషితో మొదలవుతుంది. ఆయన పేరు ఫినియాస్ క్విమ్బీ (1802–1866). పెద్ద చదువు లేదు. 1830ల చివర్లో ఊరూరా జరిగే మెస్మరిజం ప్రదర్శనలు చూసి తనూ ఆ విద్య పట్టారు. లూషియస్ బర్క్‌మార్ అనే కుర్రాణ్ని మగతలోకి పంపితే, అతను ఎదురుగా ఉన్న రోగి జబ్బేమిటో, ఏం మందు వాడాలో చెప్పేవాడు. చాలామందికి నయమయ్యేది కూడా. క్విమ్బీ అక్కడితో ఆగి ఉంటే ఇంకో గారడీవాడుగా మిగిలేవారు. కానీ ఆయన ఒకటి గమనించారు. ఖరీదైన మందు బదులు చవకది ఇచ్చినా ఫలితం అదే. అంటే పనిచేస్తున్నది మందు కాదు, కుర్రాడి మాట మీద రోగి పెట్టుకున్న నమ్మకం. ఇవాళ ప్లాసిబో అంటున్నదాన్ని ఆయన తన గదిలోనే చూశారన్నమాట.

దాన్నుంచి ఆయన తేల్చినది మాత్రం చాలా పెద్దది. నమ్మకం నయం చేస్తోందంటే, అసలు జబ్బే ఒక తప్పుడు నమ్మకం అన్నారు. డాక్టర్లూ మతబోధకులూ కలిసి దాన్ని మనిషి బుర్రలోకి ఎక్కించారన్నారు. 1859లో పోర్ట్‌లాండ్‌లో గది తీసుకుని, రోగి పక్కన కూర్చుని, ఆ నమ్మకం తప్పని నచ్చజెప్పడమే వైద్యంగా పెట్టుకున్నారు. ఇప్పుడు 'లిమిటింగ్ బిలీఫ్స్' (మనల్ని వెనక్కి లాగే నమ్మకాలు) అంటున్న మాటకు ముత్తాత ఇదే. అయితే ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. క్విమ్బీ మాట్లాడింది ఒంటి గురించి. నొప్పి, నీరసం, నిద్ర లాంటివి మనసు మాట కొంతవరకు వింటాయి. ఉద్యోగం, డబ్బు, ఎదుటి మనిషి ప్రేమ మన ఒంట్లో లేవు.

1862లో క్విమ్బీ దగ్గరికి వచ్చిన రోగుల్లో ఒకరు, తర్వాత క్రిస్టియన్ సైన్స్ అనే మతశాఖను స్థాపించిన మేరీ బేకర్ ఎడ్డీ. ఆమె బోధ ప్రకారం పదార్థమే భ్రమ, జబ్బూ భ్రమే. మరి నమ్మినవాళ్లు కూడా జబ్బుపడుతున్నారెందుకు? ఇక్కడ రెండో అడ్డంకి పుట్టింది: ఇతరుల చెడు ఆలోచన. దూరం నుంచే ఒకరి మనసు ఇంకొకరికి హాని చేయగలదని ఆమె నమ్మారు. 1878లో ఈ గొడవ కోర్టుకెక్కింది. ఎడ్డీ పాత శిష్యుడు డేనియల్ స్పాఫర్డ్ మనోశక్తితో తనను బాధపెడుతున్నాడని ఒకావిడ దావా వేసింది. విచారణ జరిగిన చోటు, రెండు శతాబ్దాల కిందట మంత్రగత్తెలంటూ మనుషుల్ని ఉరితీసిన అమెరికాలోని సేలం. ఒకరి మనసును అదుపు చేయడం కోర్టు వల్ల అయ్యే పని కాదని జడ్జి కేసు కొట్టేశారు. 1882లో ఎడ్డీ భర్త చనిపోయినప్పుడు పోస్ట్‌మార్టంలో గుండెజబ్బు అని తేలింది. ఆమె మాత్రం మనసు ద్వారా విషప్రయోగం జరిగిందనే అన్నారు. దిష్టి అనే మాట తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 'నీ కోరిక ఎవరికీ చెప్పకు, వాళ్ల ఎనర్జీ తగులుతుంది' అన్న ఇప్పటి సలహా కూడా ఆ చాయలోదే.

తర్వాతి మలుపు డబ్బు వైపు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ ఆలోచనలన్నీ న్యూ థాట్ అనే పేరుతో ఒక ఉద్యమమయ్యాయి. విలియమ్ వాకర్ అట్కిన్సన్ 1906లో ఆకర్షణ సిద్ధాంతం పేరుతోనే పుస్తకం వేశారు. ఆలోచనలు తరంగాల్లా పోయి తమలాంటివాటినే లాక్కొస్తాయని అందులో వాదన. అప్పుడే వైర్‌లెస్ టెలిగ్రాఫ్ వచ్చిన రోజులు కాబట్టి జనానికి సులువుగా ఎక్కింది. ఈ అట్కిన్సనే యోగి రామచరక అన్న పేరుతో యోగ పుస్తకాలు రాసిన అమెరికన్ అని చాలామందికి తెలియదు. ఇవన్నీ మన ప్రాచీనులు చెప్పినవే అనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది.

అడ్డంకుల జాబితా పతంజలి యోగసూత్రాల్లోనూ ఉంది, కాదనను. తొమ్మిది అంతరాయాలు: వ్యాధి, స్త్యానం (మనసు మొద్దుబారడం), సంశయం, ప్రమాదం, ఆలస్యం, అవిరతి, భ్రాంతిదర్శనం, అలబ్ధభూమికత్వం (సాధనలో మెట్టు అందకపోవడం), అనవస్థితత్వం (అందినా నిలవలేకపోవడం). ఇందులో ప్రమాదం అంటే యాక్సిడెంట్ కాదు, ఏమరుపాటు. ఆలస్యం అంటే లేటు కాదు, బద్ధకం. ఇవి చిత్తం నిలవకుండా చేసేవి, కోరిక తీరకుండా చేసేవి కావు. పైగా అవిరతి అంటే విషయాల మీద కోరిక వదలకపోవడం. అక్కడ కోరికే అడ్డంకి. ఈ జాబితాను తీసుకొచ్చి కారు మ్యానిఫెస్ట్ చేయడానికి వాడితే, తలకిందులుగా పట్టుకున్నట్టే.

వాలెస్ వాటిల్స్ 1910లో ధనవంతులయ్యే శాస్త్రం అంటూ చిన్న పుస్తకం రాశారు, మరుసటి ఏడే చనిపోయారు. ఆయన దగ్గర అడ్డంకి పేరు సందేహం. పేదరికం గురించి మాట్లాడకు, చదవకు, ఆలోచించకు అన్నారు. కావలసినదాని బొమ్మ మనసులో స్పష్టంగా ఉంచుకో, వచ్చేసినట్టే కృతజ్ఞత చూపు అన్నారు. ఆయనకు న్యాయం చేయాలంటే, చేతిలో ఉన్న పనిని ఆ రోజుకు పూర్తిగా చెయ్యమని కూడా ఆయన గట్టిగానే చెప్పారని ఒప్పుకోవాలి. 2006లో 'ది సీక్రెట్' అనే సినిమా తీసిన రోండా బర్న్‌కు మొదటి ప్రేరణ ఈ పుస్తకమే. వందేళ్ల ప్రయాణంలో పనిచేయమన్న ముక్క బాగా పల్చబడింది, అనుమానించొద్దన్న ముక్క చిక్కబడింది.

సందేహం అడ్డంకి అన్న మాటతో ఒక చిక్కు ఉంది. అనుమానపడకూడదు అనుకున్న మనిషి, తనకు అనుమానం ఉందా లేదా అని అరగంటకోసారి తడుముకుంటాడు. దీన్ని సరిగ్గా పట్టుకున్నది ఒక ఫ్రెంచ్ మందుల షాపాయన. ఎమిల్ కూయే (1857–1926) ట్రోయ్ పట్టణంలో మందులు అమ్మేటప్పుడు, ఇచ్చే మందు గురించి రెండు మంచి మాటలు చెబితే అది బాగా పనిచేస్తోందని గమనించారు. తర్వాత నాన్సీ పట్టణంలో ఉచితంగా వైద్యం మొదలుపెట్టారు. రోజురోజుకీ అన్నివిధాలా బాగుపడుతున్నానన్న వాక్యాన్ని, ఇరవై ముడులు వేసిన తాడు లెక్క పెట్టుకుంటూ పొద్దునా రాత్రీ ఇరవైసార్లు అనమనేవారు. అఫర్మేషన్ అంటే ఇప్పటికీ అంతే కదా, తాడు బదులు యాప్ వచ్చింది.

కూయే అసలు మాట వేరే. సంకల్పానికీ ఊహకూ పోటీ వస్తే ప్రతిసారీ గెలిచేది ఊహే అన్నారు. ఒక అడుగు వెడల్పు ఉన్న పలక నేల మీద ఉంటే ఎవరైనా దాని మీద నడుస్తారు. అదే పలకను చర్చి గోపురాల ఎత్తున వేస్తే కాలు పెట్టలేరు. పలక మారలేదు, ఊహ మారింది. పడకూడదు అని ఎంత గట్టిగా అనుకుంటే పడతామన్న బొమ్మ అంత బలపడుతుంది. ఈ పలక ఉదాహరణ ఆయన సొంతం కాదు. పదకొండో శతాబ్దంలో పారశీక తత్త్వవేత్త ఇబ్న్ సీనా వాడారు, పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచ్ తత్త్వవేత్త పాస్కల్ వాడారు. దీన్ని ఒక సూత్రంగా మలిచి, ప్రయత్నమే ఎదురుతిరుగుతుందని 1920లో రాసినవారు కూయే అనుచరుడు షార్ల్ బోద్వా. ఆ విధంగా ఇంకో అడ్డంకి తేలింది: ప్రయత్నమే. నిద్ర పట్టనప్పుడు పడుకోవాలని ప్రయత్నించి చూసినవాళ్లెవరూ దీన్ని కాదనరు. ఇప్పుడు 'లెట్ గో' అంటున్నది దీన్నే.

నా మట్టుకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా నిజాయితీగా అనిపించేది ఇదే. తర్వాత ల్యాబ్‌లో నిలబడినది కూడా ఇదే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త కొందరిని ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నారు, గుర్తొస్తే గంట కొట్టమన్నారు. సగటున నిమిషానికి ఒకసారి కన్నా ఎక్కువగానే గంట మోగింది. తర్వాత ఆలోచించొచ్చు అని వదిలేస్తే, అణచుకున్నవాళ్లకే ఆ ఎలుగుబంటి ఇంకా ఎక్కువగా గుర్తొచ్చింది. నెగటివ్ ఆలోచన రానివ్వొద్దు అని చెప్పేవాళ్లందరూ చదవాల్సిన ప్రయోగం ఇది. జోన్ వుడ్ బృందం 2009లో చూపించింది దీనికి దగ్గరదే. తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవాళ్లు 'నేను ప్రేమించదగ్గ మనిషిని' అని పదేపదే అనుకుంటే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా దిగజారింది. ఆ మాట అవసరం లేనివాళ్లకే అది కాస్త పనికొచ్చింది.

కోరిక తీరినట్టు ఊహించుకోవాలి అన్న పద్ధతికి ఇవాళ అందరూ చెప్పే పేరు నెవిల్ గాడర్డ్. 1905లో బార్బడోస్‌లో పుట్టారు, 1922లో న్యూయార్క్ వచ్చారు, డాన్సరుగా బతికారు, తర్వాత ఉపన్యాసకుడయ్యారు. ఆయన తరచూ చెప్పిన కథ 1933 నాటిది. ఇంటికి వెళ్లాలని ఉంది, చేతిలో డబ్బు లేదు. బార్బడోస్‌లోనే ఉన్నట్టు భావించి నిద్రపొమ్మని అబ్దుల్లా అనే గురువు చెప్పారు. కొన్ని వారాలకు అన్న నుంచి ఉత్తరం, ఓడ టికెట్ వచ్చాయి. నెవిల్ దృష్టిలో అడ్డంకి ఇంద్రియాలు చెప్పే వాస్తవం. బ్యాంకు ఖాతా ఖాళీ అని కళ్లు చెబుతుంటే, ఉంది అన్న భావంలో నిలవలేకపోవడమే అడ్డు. అందుకే మగతగా ఉన్నప్పుడు, నిద్రలోకి జారేముందు ఊహించమన్నారు. ఎలా తీరుతుంది అన్నది నీ పని కాదన్నారు.

కథ చక్కగా ఉంటుంది. కానీ ఇక్కడ తలుపు పూర్తిగా మూసుకుపోయింది. కోరిక తీరితే ఊహ గొప్పతనం, తీరకపోతే నువ్వు ఆ భావంలో లేవు. ఉన్నానని ఎవరు చెప్పగలరు? తీరలేదు కాబట్టి లేవనే. తప్పని తేలే దారే లేని మాట ఇది. పైగా కొందరు అసలు బొమ్మ చూడలేరు. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్, పొద్దున తిన్న బల్లను మనసులో చూడమని మనుషుల్ని అడిగితే, మనసులో బొమ్మ కనబడడమేమిటని ఆశ్చర్యపోయినవాళ్లు తగిలారు. 2015లో ఆడమ్ జీమన్ బృందం దీనికి అఫాంటేషియా అని పేరు పెట్టింది. విజువలైజేషన్ కుదరక తమలోనే లోపముందని ఏళ్ల తరబడి కుమిలినవాళ్లకు ఈ ఒక్క మాట పెద్ద ఊరట.

ఊహకు బలమే లేదా అంటే, ఉంది. 1992లో గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ నాలుగు వారాల పాటు కొందరితో చిటికెన వేలి కండరాన్ని బిగించే వ్యాయామం చేయించారు, ఇంకొందరితో ఊరికే ఊహింపజేశారు. చేసినవాళ్ల బలం 30 శాతం పెరిగింది, ఊహించినవాళ్లది 22 శాతం. ఫామ్, టేలర్ 1999లో పరీక్ష రాయబోయే విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్ల కంటే, తాము కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లు ఎక్కువ చదివారు, మార్కులూ వాళ్లకే మెరుగ్గా వచ్చాయి. ఊహ పనిచేస్తోంది, కాకపోతే చేయబోయే పని మీద పెట్టినప్పుడు.

ఇక అడ్డంకుల చరిత్రలో అందరికంటే ఇబ్బందికరమైన జవాబు చెప్పినవారు మనస్తత్వవేత్త గాబ్రియేలే ఎటింగెన్. 1991లో థామస్ వాడెన్‌తో కలిసి, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళలను గమనించారు. తగ్గగలనని నమ్మినవాళ్లు ఎక్కువ తగ్గారు. సన్నబడి తిరుగుతున్నట్టు తియ్యటి ఊహలు అల్లుకున్నవాళ్లు, అలా అల్లుకోనివాళ్లకంటే సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, ఊహ వేరు అన్నది ఇక్కడి కీలకం. చదువు ముగించిన జర్మన్ విద్యార్థులను రెండేళ్ల తర్వాత చూసినా అదే వరస: మంచి ఉద్యోగం గురించి ఎక్కువ కలలు కన్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, జీతాలూ తక్కువే. హీథర్ కాపెస్‌తో చేసిన 2011 అధ్యయనంలో తియ్యటి ఊహల తర్వాత సిస్టాలిక్ రక్తపోటు (బీపీలో పై అంకె) కూడా తగ్గింది. పని ముగిసిపోయిందన్నట్టు ఒళ్లు సడలుతోంది. తీరినట్టు అనుభవించు అన్న సలహా నిజంగానే పనిచేసిందన్నమాట, ఒంటి మీద.

ఈలోగా మ్యానిఫెస్టేషన్ అన్న మాట చాలా దూరం వెళ్లిపోయింది. కేంబ్రిడ్జ్ నిఘంటువు 2024 సంవత్సరపు పదంగా 'మ్యానిఫెస్ట్'ను ఎంచుకుంది. అంతకు ముందు ఏడు లూకస్ డిక్సన్ బృందం వెయ్యిమందికి పైగా మనుషులతో చేసిన పరిశోధనలో, ఇది నమ్మేవాళ్లు తాము విజయం సాధిస్తున్నామని ఎక్కువగా అనుకున్నారు. చదువు, ఆదాయం మాత్రం మిగతావాళ్ల కంటే ఎక్కువ లేవు. ప్రమాదకరమైన పెట్టుబడుల వైపు మొగ్గు, దివాలా తీసిన అనుభవం వాళ్లలోనే ఎక్కువ.

ఎటింగెన్ తర్వాత తయారుచేసిన పద్ధతిలో కోరిక ఉంది, తీరితే ఎలా ఉంటుందన్న ఊహ ఉంది, వెంటనే నాలో ఏది అడ్డొస్తుంది అన్న ప్రశ్న ఉంది. పీటర్ గోల్‌విట్సర్ పరిశోధించిన 'ఇలా జరిగితే ఇలా చేస్తాను' అన్న ముందస్తు నిర్ణయంతో అది ముగుస్తుంది. అడ్డంకి అక్కడ ఊహించకూడనిది కాదు, ఊహించాల్సినదే. సాయంత్రం అలసటగా ఉంటుంది, ఫోన్ చేతిలోకి వస్తుంది, అడగాలంటే భయం వేస్తుంది, అంత చిన్నవి. దాటగలిగే అడ్డమైతే ఈ పద్ధతి పాటించినవాళ్లు పనిలోకి గట్టిగా దిగారు. దాటలేనిదని తేలితే చాలామంది ఆ కోరికను వదిలేసి వేరేదాని వైపు తిరిగారు. క్విమ్బీ నుంచి నెవిల్ దాకా ఎవరి లెక్కలోనూ ఈ రెండో ఫలితానికి చోటు లేదు.