జొహన్నెస్‌బర్గ్ మేయర్ కుర్చీ, అల్ జమాఅహ్ పార్టీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్ నగరం ఇస్లామిక్ పార్టీ చేతుల్లోకి వెళ్లిపోయింది.

వాస్తవం: 2021 నగర ఎన్నికల్లో కౌన్సిల్‌లోని 270 సీట్లకు, ముస్లిం పార్టీ అయిన అల్ జమాఅహ్‌కు వచ్చినవి 3. అయినా నగరం వాళ్ల చేతుల్లోకి పోయిందన్న ఫార్వర్డ్ మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల్ని తలుచుకుని ఇక్కడ తల్లిదండ్రులు హడలిపోతున్నారు. వాళ్ల కంగారు అర్థమవుతుంది, పుకారు పుట్టించినవాళ్లనే క్షమించలేం.

అక్కడ మేయర్‌ను కౌన్సిలర్లు రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. మెజారిటీకి 136 కావాలి. పొత్తు పెట్టుకున్న పెద్ద పార్టీలు ఏఎన్‌సీకి (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) 91, ఈఎఫ్‌ఎఫ్‌కు (ఎకనామిక్ ఫ్రీడమ్ ఫైటర్స్) 29, కలిపినా 120. మిగతావి చిన్న పార్టీల నుంచి రావాలి. పెద్ద పార్టీలు కుర్చీని ఒకదానికొకటి వదులుకోవు. అందుకే ఎవరికీ పోటీ కాని అల్ జమాఅహ్ మనిషిని కూర్చోబెట్టారు. 2023 జనవరిలో తపెలో అమద్‌కు 138 ఓట్లు పడ్డాయి. అవిశ్వాసం ముంచుకురావడంతో ఏప్రిల్‌లోనే రాజీనామా చేశారు. మేలో అదే పార్టీ నుంచి కబెలో గ్వామాండా వచ్చారు, 2024 ఆగస్టులో దిగిపోయారు. కుర్చీ ఏఎన్‌సీకి వెళ్లింది.

ఇక మేయర్ సంతకం పెడితే చట్టం మారిపోతుందనే ప్రచారం కూడా తప్పే. ఉపచట్టాలు, బడ్జెట్, పన్నులు, అప్పులు: రాజ్యాంగం 160వ సెక్షన్ ప్రకారం ఈ నాలుగూ కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో మెజారిటీతో నెగ్గాలి. ఆ రోజు సభకు వచ్చినవాళ్లలో మెజారిటీ చాలదు, 270లో 136 పడాల్సిందే. ఈ అధికారాన్ని కౌన్సిల్ మేయర్‌కు అప్పగించడానికి కూడా వీల్లేదు. మద్యం లైసెన్సులు కూడా మేయర్ చేతిలో లేవు, ప్రావిన్సు (రాష్ట్రం లాంటిది) బోర్డు ఇస్తుంది. అసలు భయపడాల్సింది మేయర్ బలహీనతకే: సొంత బలం లేని మేయర్, తన కమిటీలో శాఖలు చూసే మిత్రపక్షాల సభ్యులను గట్టిగా నిలదీయలేరు.

అపోహ: దేశమంతటా షరియా తెస్తారు.

వాస్తవం: రాజ్యాంగ సవరణకు జాతీయ అసెంబ్లీలో 400కు 267 ఓట్లు కావాలి, పార్టీకి ఉన్నవి 2. ముస్లిం వివాహాలకు గుర్తింపు అడుగుతోంది, నిజమే. కానీ దానిపై 2022 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఒక మహిళా న్యాయ సంస్థ పోరాడి తెచ్చుకున్నది. విడాకుల తర్వాత రక్షణ లేకుండా మిగిలిన భార్యల కోసం.

అపోహ: అంత చిన్న పార్టీకి పార్లమెంటు సీటు రావడంలోనే మోసం ఉంది.

వాస్తవం: సీటుకు కనీసం ఇంత శాతం ఓట్లు రావాలన్న నిబంధన అక్కడ లేదు. 2019లో ఒక్కో సీటు కోటా సుమారు 43,500 ఓట్లు. పార్టీకి వచ్చినవి 31,468. కోటా అందకపోయినా, మిగులు ఓట్ల లెక్కలో పార్లమెంటులో తొలి సీటు దక్కింది. 2024లో అవి రెండయ్యాయి. వ్యవస్థాపకుడు గనీఫ్ హెండ్రిక్స్ పలు పార్టీలు కలిసిన జాతీయ ఐక్య ప్రభుత్వంలో సామాజికాభివృద్ధి శాఖ ఉపమంత్రి అయ్యారు.