చిటికెడు గ్రాఫీన్ వేస్తే చాలా? షీల్డింగ్ షీట్ల మీద కొన్ని అపోహలు

ప్లాస్టిక్‌లో గ్రాఫీన్ (ఒకే పొర మందంలో ఉండే కార్బన్ రేకులు) కలిపి, ఒక ఎలక్ట్రానిక్ పరికరం తరంగాలు పక్కదాన్ని చెడగొట్టకుండా ఆపే షీట్లు చేయడం నా పని. తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: చిటికెడు గ్రాఫీన్ వేస్తే ప్లాస్టిక్ రాగితో సమానం.

వాస్తవం: పాలిమర్‌లో (అంటే ప్లాస్టిక్‌లో) విడివిడిగా ఉన్న గ్రాఫీన్ రేకులు ఎంత గొప్పవైనా ఉపయోగం లేదు. రేకుకు రేకు తగిలి కరెంటుకు దారి పడాలి. పాలీస్టైరీన్‌లో ఘనపరిమాణం లెక్కన 0.1 శాతానికే దారి పడుతుందని 2006లో చూపించారు. నిజమే. కానీ 1 శాతం వేసినా వాహకత (కరెంటును పారనిచ్చే గుణం) మీటరుకు 0.1 సీమెన్స్ దగ్గరే ఉంది. రాగిది దాదాపు 5.8 కోట్లు!

పైగా కలపడం ఒక తలనొప్పి. ఒకసారి సోనికేషన్ (అల్ట్రాసౌండ్‌తో రేకులను విడదీసి కలపడం) తొందరగా ముగించేశాం. షీట్ పైకి నున్నగా, నల్లగా నిగనిగలాడింది. విరిచి చూస్తే లోపల ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు పొడి ముద్దలు. మల్టీమీటర్ పెడితే ఒక మూల కిలో ఓమ్‌లు, ఇంకో మూల మెగా ఓమ్‌లు. పోనీ అని గంటల తరబడి చేస్తే రేకులే ముక్కలైపోతాయి.

అపోహ: గ్రాఫీన్ ఆక్సైడ్ వేసినా అంతే కదా.

వాస్తవం: కాదు. అది కరెంటును దాదాపు పారనివ్వదు. రిడ్యూస్ చేశాకే, అంటే అందులోని ఆక్సిజన్‌ను చాలావరకు తీసేశాకే పనికొస్తుంది.

అపోహ: 40 డెసిబెల్ షీట్ 20 డెసిబెల్ షీట్‌కు రెండింతలు మేలు.

వాస్తవం: షీట్ తరంగాన్ని ఎంత ఆపుతుందో చెప్పే కొలతే ఈ డెసిబెల్. 20 అంటే నూటికి ఒక వంతు శక్తి దాటుతుంది, 40 అంటే పదివేలకు ఒక వంతు. రెండింతలు కాదు, వందింతలు మేలు.

అపోహ: శోషణ డెసిబెల్స్ ఎక్కువుంటే ఆ షీట్ తరంగాలను మింగేస్తున్నట్టే.

వాస్తవం: ఇక్కడ మావాళ్లే బోల్తా పడతారు. నూరు పాళ్ల శక్తి షీట్‌కు తగిలితే 90 వెనక్కి తిరిగిందనుకుందాం. లోపలికి వెళ్లిన 10లో 9.9 అక్కడే ఇంకిపోయి, 0.1 దాటింది. లెక్క కడితే పరావర్తనం 10 డెసిబెల్స్, శోషణ 20. దాంతో ‘ఇది శోషణ ప్రధానం’ అని రాసేస్తారు. ఎందుకంటే ఆ 20ని లోపలికి వెళ్లిన శక్తి మీద లెక్కిస్తారు, మొత్తం మీద కాదు. 90 పాళ్లు వెనక్కి కొట్టిన షీట్‌ను పట్టుకుని మింగేసిందంటే ఎలా? పక్కనున్న సర్క్యూట్‌కు ఆ 90 తోనే టెన్షన్.

అపోహ: షీట్ 40 డెసిబెల్స్ ఇస్తే దానితో చేసిన డబ్బా కూడా అంతే ఇస్తుంది.

వాస్తవం: 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. మూత అంచున అందులో సగం, అంటే 1.5 సెంటీమీటర్ల పొడవున సందు ఉంటే, అది ఎంత సన్నగా ఉన్నా యాంటెనాలా పనిచేస్తుంది. మోల్డింగ్ చేసిన ముక్కల పైపొరలో పాలిమర్ ఎక్కువ, గ్రాఫీన్ తక్కువ. అందుకే మూత గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కరెంటు మాత్రం దాటదు, కాబట్టి అదీ సందు కిందే లెక్క. డబ్బా పట్టుకుని ఎవరైనా వస్తే నేను ముందు మూత అంచులను సాండ్‌పేపర్‌తో రుద్ది చూస్తాను.