ఆ ఊరి నీళ్ళే అంతట!

మా కోడలిది అమలాపురం. పెళ్ళయి తిరుపతికి వచ్చిన కొత్తలో ఒకరోజు కూరగాయల సంచీ వంటింటి గట్టు మీద పెట్టి, "మావయ్యగారండీ, మీ ఊళ్ళో వాళ్ళకి మాట్లాడ్డం ఎవరూ నేర్పరాండీ?" అని అడిగింది. జరిగింది పెద్ద విషయమేమీ కాదు. టమాటాలు బేరమాడితే అంగట్లో ఆవిడ తలెత్తకుండా "కావాలంటే తీస్కోమ్మా, లేదంటే పో" అందట. మాకది మామూలు మాట. కోడలికి మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది.

మా ఆవిడ వెంటనే తీర్పు చెప్పేసింది. "వాళ్ళ గోదావరి నీళ్ళు అట్లాంటివి, మన నీళ్ళు ఇట్లాంటివి." ఈ నీళ్ళ సిద్ధాంతం మన దగ్గర జాతకాలంత పాతది. నీళ్ళే గుణాన్ని మోసుకొచ్చే పనైతే, తెలుగుగంగ కాలవ వచ్చినప్పటి నుంచి తిరుపతి కుళాయిల్లో శ్రీశైలం నుంచి వచ్చిన కృష్ణ నీళ్ళు కూడా పారుతున్నాయి. ఆ లెక్కన ఈపాటికి మేమంతా విజయవాడ వాళ్ళలా మాట్లాడుతూ ఉండాలి. ఒకే బావి నీళ్ళు తాగిన అన్నదమ్ములు గట్టు తగాదాతో చిత్తూరు కోర్టుకెక్కడం కూడా నీళ్ళ మహిమే అనుకోవాలా?

కానీ కోడలి ప్రశ్న మంచిది. కొన్ని ప్రాంతాల వాళ్ళు నిజంగానే ఎక్కువ కలుపుగోలుగా, సాయంగా ఉంటారా?

దీన్ని కొలిచి చూసినవాడు రాబర్ట్ లెవీన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. "మీరు మంచివాళ్ళేనా?" అని అడిగితే ఎవరూ కాదనరు. అందుకని ఆయన బృందం వీధుల్లోకి దిగింది. పెన్ను జారవిడిచి, చూసుకోనట్టు నడిచిపోవడం. కాలికి కట్టుతో కుంటుతూ చేతిలోని పత్రికలు కింద పడేసుకోవడం. చూపు లేనివాడిలా కర్ర పట్టుకుని రోడ్డు దాటేచోట నిలబడడం. ఎంతమంది ముందుకొస్తారో లెక్కేశారు. 23 దేశాల్లో ఒక్కో పెద్ద నగరం తీసుకుని చేసిన ఈ పరిశోధన 2001లో అచ్చయింది. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 93 శాతం సాయం దొరికింది. మన కలకత్తాలో 83, వియన్నాలో 81. న్యూయార్క్‌లో 45, అట్టడుగున కౌలాలంపూర్‌లో 40.

కాబట్టి తేడాలు ఉన్నాయి, చిన్నవీ కావు. మరి కారణమేంటి? అమెరికాలోని 36 నగరాల్లో లెవీన్ అంతకుముందు చేసిన పనిలో జనం ఎంత కిక్కిరిసి ఉంటే సాయం అంత తగ్గింది. బాగానే ఉంది అనుకుంటే కలకత్తా అడ్డం తగులుతుంది. అంతకన్నా కిక్కిరిసిన ఊరు ఎక్కడుంటుంది? డబ్బున్న నగరాల్లో సాయం తక్కువ అని మరో సూత్రం తేలింది. దానికి వియన్నా ఒప్పుకోదు. వరి పండించే చోట కాలవ నీళ్ళు పంచుకోవాలి గనక మనుషులు కలిసిమెలిసి ఉంటారని 2014లో చైనా విద్యార్థుల మీద ఒక పరిశోధన వచ్చింది. కోనసీమకు అతికినట్టు సరిపోతుందని సంబరపడ్డాను గానీ, అది చెప్పేది తనవాళ్ళతో ఉండే కట్టుబాటు గురించి. దారిన పోయే కొత్తవాడి గురించి కాదు. వదిలేశాను.

నాకు నచ్చిన లెక్క వేరే ఉంది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, లెక్క లేనిదే నాకు నిద్ర పట్టదు.

ఇద్దరు మనుషులు, ఒక బేరం. ఇద్దరూ సక్రమంగా ఉంటే చెరి 3 మార్కులు. ఒకడు మోసం చేస్తే వాడికి 5, మోసపోయినవాడికి 0. ఇద్దరూ మోసగాళ్ళయితే చెరి 1. ఒక్కసారే కలిసేట్టయితే మోసమే లాభం, అందులో సందేహం లేదు. ఇప్పుడు ఈ ఇద్దరూ మళ్ళీ కలిసే సంభావ్యతను 'మ' అందాం, మళ్ళీలో మ. ఎప్పుడూ సక్రమంగా ఉంటే మొత్తం రాబడి 3 + 3మ + 3మ² + …, అంటే 3/(1−మ). ఒకసారి మోసం చేసి, ఆ తర్వాత ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా, ప్రతిసారీ చెరి 1తో సరిపెట్టుకుంటే 5 + మ/(1−మ). మ విలువ 0.9 అయితే మొదటిది 30, రెండోది 14. మ విలువ 0.1 అయితే మొదటిది మూడు చిల్లర, రెండోది ఐదు పైన. రెండూ సమానమయ్యేది మ సరిగ్గా సగం ఉన్నప్పుడు. అంతకు మించితే మంచితనం గిట్టుబాటవుతుంది. తగ్గితే గిట్టదు. ఎదుటివాడు పగ పట్టకుండా 'చెల్లుకు చెల్లు' పద్ధతిలో, నువ్వు కిందటిసారి చేసిందే ఈసారి నేను చేస్తాననే రకమైతే, ఒకసారి ముంచి, ఒకసారి బుజ్జగించే తెలివిమంతులు పుట్టుకొస్తారు. వాళ్ళకు 5, 0, 5, 0 అని వస్తుంది. వాళ్ళకీ గిట్టకుండా చెయ్యాలంటే మ మూడింట రెండు వంతులు ఉండాలి. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో కంప్యూటర్ ప్రోగ్రాములకు పోటీలు పెడితే గెలిచింది ఈ చెల్లుకు చెల్లే. మనం సంభావ్యతను పాచికలతో, సంచిలోని ఎర్రబంతులతో చెబుతాం. తిరుపతి రైల్వే స్టేషన్ బయటికి తీసుకెళ్ళి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

తెల్లవారుజామున నాలుగింటికి ఆటోస్టాండ్ చూడండి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం మూడు లక్షల లోపు. కొండకు రోజూ వచ్చేవాళ్ళు అరవై వేలకు అటూ ఇటూ. అంటే ఐదు రోజులు గడిచేలోపు ఊరు ఊరంత జనం కొత్తగా వచ్చి పోతుంటారు. సామాన్లతో, నిద్రకళ్ళతో దిగిన యాత్రికుడి మ దాదాపు సున్నా. అతనికి రెండింతలు చెప్పిన డ్రైవరే మా వీధిలో ఉంటాడు. మా ఆవిడకు జ్వరమొచ్చినప్పుడు అర్ధరాత్రి తలుపు తడితే లుంగీ మీదే బండి తీశాడు, డబ్బులిస్తే "ఇదేంది సార్" అని నొచ్చుకున్నాడు. మనిషి మారలేదు, నీళ్ళూ మారలేదు. మ మారింది.

ఇంకా విచిత్రం మెట్లదారిలో చూశాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర ఆయాసపడుతూ కనిపించినవాళ్ళే మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ కనిపిస్తారు. మూడు నాలుగు గంటల పాటు ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య మ పెరిగిపోతుందన్నమాట. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతున్న ఒక పెద్దావిడ సంచీని జీన్స్ ప్యాంటు కుర్రాడొకడు గంటసేపు మోశాడు. సాయంత్రం కంపార్టుమెంటు గేటు తెరవగానే అదే కుర్రాడు మోచేత్తో నన్ను పక్కకు నెట్టి పరిగెత్తాడు. ఇదే ఆఖరి ఆట అని తెలిస్తే మ సున్నా అయిపోతుంది.

పైగా తొందర. 1973లో ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మతబోధకులు కాబోయే విద్యార్థులను ఒక ప్రసంగానికి పంపి, దారిలో మూలుగుతున్న మనిషిని ఉంచారు. తీరిగ్గా ఉన్నవాళ్ళలో 63 శాతం ఆగారు. బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్ళలో ఆగింది 10 శాతం. వాళ్ళలో కొందరి ప్రసంగ విషయమే దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన మంచివాడి కథ!

నా లెక్కను ఒక చేప దెబ్బకొట్టింది. పగడపు దిబ్బల దగ్గర నీలం చారల చిన్న చేప ఒకటుంది. పెద్ద చేపలు దాని దగ్గరికొచ్చి నిలబడితే ఒంటి మీది పురుగులు తిని శుభ్రం చేస్తుంది. దానికి అసలు ఇష్టం మాత్రం పెద్ద చేప ఒంటి మీది జిగురు. సందు దొరికితే అది కొరుకుతుంది. రెదువాన్ బ్షారీ అనే జీవశాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి చూసిందేమిటంటే, ఈ చేప ముందు శుభ్రం చేసేది దూరం నుంచి వచ్చిన చేపను, పక్కింటి చేపను కాదు! నా లెక్క ప్రకారం తలకిందులు కావాలి గదా? ఇలా ఎందుకంటే, దూరం చేపకు ఇంకో అంగడికి పోయే వీలుంది. స్థానికుడికి లేదు, కాచుకుని ఉంటాడు. పైగా ఇంకో చేప గమనిస్తోందంటే ఈ చిన్నది జిగురు జోలికి పోకుండా బుద్ధిగా పురుగులే తింటుంది.

అంటే మ ఒక్కటే చాలదు. వేరే దారి ఉండడం, నలుగురూ చూడడం కూడా కలుపుకోవాలి. ఫోన్‌లో ఆటో పిలిచి, దిగాక డ్రైవరుకు మార్కులుగా చుక్కలు ఇచ్చే పద్ధతి వచ్చాక యాత్రికుడు కూడా దూరం చేపే అయ్యాడు.

ఇక మాట సంగతి. గోదావరి 'అండీ' మనిషికి ఒక పీట వేసి, కాస్త దూరంగా కూర్చోబెడుతుంది. మా 'నా', 'అబ్బా', 'మ్మా' పీట వెయ్యకుండా చాప మీదే కూర్చోమంటాయి. ఏ వూరో తెలియనివాణ్ణి 'అన్నా' అని పిలవడమంటే, మనం మళ్ళీ కలుస్తాం సుమా అని ముందే అచ్చారం ఇవ్వడమే అని నా అనుమానం. రుజువేమీ లేదు.

కోడలు మాత్రం రుజువు చేసి చూపిస్తానంది. మొన్న అమలాపురం నుంచి వస్తూ స్టేషన్ బయట "కొర్లగుంటకి ఎంతండీ?" అని అడిగితే రెండువందలన్నాడట. నాలుగడుగులేసి ఇంకో ఆటో దగ్గర "కొర్లగుంటకి పోవల్లన్నా" అందట. ఎనభై. టమాటాల ఆవిడైతే ఇప్పుడు కొత్తిమీర కట్ట పక్కన దాచి, "నీకనే ఎత్తిపెట్టినా" అంటోంది. అప్పుడు కూడా తలెత్తదట.