మీ కిటికీ మీది బల్లి మన చుట్టమే

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి,

అమలాపురం నుంచి తాతయ్య ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లోని మీ వంటింటి కిటికీ మీది బల్లి ఫోటో అందింది. అది బయటి నుంచి వచ్చిన జాతి కావచ్చని, ఎక్కడిదో కనుక్కోమని మీ టీచరు గారు చెప్పారట. నాకు నవ్వొచ్చింది. ఈ ఉత్తరం రాస్తుంటే దాని చుట్టమొకటి ట్యూబులైటు వెనక నక్కి నన్నే చూస్తోంది.

రంగును బట్టి తేల్చకండి. ఈ బల్లి పగలు ముదురుగా, రాత్రి దీపం దగ్గర పాలిపోయి ఉంటుంది. తోక చూడండి. మన ఇంటి బల్లి తోక మీద వరసలు వరసలుగా ముళ్ళలాంటి చిన్న బుడిపెలుంటాయి. అక్కడి ఇళ్ళలో తిరిగే స్థానిక బల్లి తోక నున్నన. చిక్కేమిటంటే, తెగిన తోక మళ్ళీ మొలిస్తే ఆ ముళ్ళు రావు. అప్పుడు ముందుకాలి లోపలి వేలు వెతకాలి. మనదానికి ఆ పొట్టి వేలికీ గోరుంటుంది, గెహైరా అనే ఆ స్థానిక బల్లికి ఉండదు. భూతద్దం తీసుకోండి. బల్లి అద్దానికి అవతల పాకుతున్నప్పుడు ఇవతల నుంచి చూడడం తేలిక. ఆడదైతే పల్చటి పొట్ట చర్మం కింద రెండు తెల్లటి గుడ్లు కూడా కనబడతాయి.

చెవికి ఇంకా తేలిక. రాత్రి ‘చక్ చక్ చక్’ అని గట్టిగా వినిపిస్తే అదే. మాట మధ్యలో బల్లి పలికితే అది సత్యమని మీ మామ్మ చూపుడు వేలితో నేల మీద తడుతుంది. శాస్త్రవేత్తలు ఈ బల్లిని హెమిడాక్టిలస్ ఫ్రెనాటస్ అంటారు. మామ్మకు ఆ పేరు చెప్పాను, ఆవిడ పట్టించుకోలేదు.

అంత దూరం ఎలా వెళ్ళిందంటారా? ఓడల్లో, సరుకుల మధ్య. గుడ్డు పెంకు గట్టిది, ప్రయాణానికి తట్టుకుంటుంది. ఆస్ట్రేలియా ఉత్తర తీరాన ఉన్న డార్విన్ నగరంలో 1960లలోనే స్థిరపడింది, బ్రిస్బేన్‌కు 1980లలో చేరింది. ఇక్కడ గోడ మీద పురుగులు తింటూ మనతో కాపురం చేసే ప్రాణి, కొన్ని పసిఫిక్ దీవుల్లో దీపాల దగ్గర చోటు ఆక్రమించి అక్కడి బల్లులను తరిమేసింది. తప్పు దానిది కాదు, దాన్ని మోసుకెళ్ళిన ఓడలది.

దీపావళి రోజుల్లో చేల నుంచి పచ్చదోమలు మా దీపం మీదికి మూగాయి. చూరు కింద ఆరు బల్లులు చేరి, కదలకుండా కూర్చుని, నోటి దగ్గరికి వచ్చినవన్నీ మింగాయి. ఒకటి మధ్యలో ఆగి నాలుకతో కన్ను తుడుచుకుంది. దానికి కనురెప్పలుండవు మరి.

మీ బల్లి ముందుకాలి ఫోటో దగ్గరగా తీసి పంపండి. గోరుందో లేదో నేనూ చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య