చిన్న గదిలో వెలుగుకు చక్రవడ్డీ

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా పడగ్గది పది బై పది. ఎంత సర్దినా ఇరుగ్గానే ఉంటోంది. ఏ రంగు వేయిస్తే కాస్త పెద్దగా అనిపిస్తుందండీ?" మంచం కింద సొరుగులు, గోడకు మడిచిపెట్టే బల్లలు లాంటి సలహాలు ఎవరైనా చెబుతారు, వాటి జోలికి వెళ్ళను. ఆమె అడిగింది రంగు గురించి. ఆ ప్రశ్న వెనక నాకు ఎంతో ఇష్టమైన భౌతికశాస్త్రం ఉంది.

కిటికీలోంచి వచ్చిన వెలుగు గోడకు తగిలి అక్కడితో ఆగిపోదు. గోడ కొంత మింగేసి మిగతాది వెనక్కి చిమ్ముతుంది. అది ఎదుటి గోడకు, స్లాబుకు, గచ్చుకు తగిలి మళ్ళీ కొంత పోతుంది, కొంత తిరిగొస్తుంది. అచ్చం వడ్డీ లెక్కే. కిటికీ మీకు రూపాయి వెలుగు ఇచ్చిందనుకోండి. గోడలు తిరిగిచ్చేది 80 పైసలైతే, రెండో విడతకు 64 పైసలు, మూడో విడతకు 51. ఇలా చివరిదాకా అన్నీ కూడితే 5 రూపాయలు. తిరిగిచ్చేది 50 పైసలే అయితే మొత్తం 2 రూపాయల దగ్గర ఆగిపోతుంది. సూత్రం చిన్నది: ఒకటిలోంచి గోడ తిరిగిచ్చే వంతు తీసేయండి, మిగిలినదానితో ఒకటిని భాగించండి.

అసలు విశేషం ఇప్పుడు చూడండి. 50 పైసలను 55 చేస్తే 2 రూపాయలు 2.22 అవుతాయి, అంతే. అదే 5 పైసలు 80 మీద పెరిగితే 5 రూపాయలు ఏకంగా 6.67 అవుతాయి. 90కి చేరితే 10! తెలుపు దగ్గరికి వచ్చేకొద్దీ ప్రతి పైసా విలువ పెరిగిపోతుంది. తెల్ల గోడ మీద పల్చటి మసి పట్టినా గది దిగులుగా కనిపించేది ఇందుకే. సంక్రాంతి ముందు ఏటేటా గుల్ల సున్నం వేసుకున్న మన పెద్దవాళ్ళు గదికి పోయిన వెలుగును తిరిగి రాబట్టుకున్నట్టే.

నిజం గదిలో ఆరు ముఖాలూ ఒకేలా ఉండవు. ఎత్తు కూడా పదడుగులే అనుకుందాం, లెక్క తేలికవుతుంది. తెల్ల స్లాబు తిరిగిచ్చేది 80 పైసలు, లేత గోడలు నాలుగూ తలా 70, ముదురు గచ్చు 20. సగటు 63, వెలుగు 2.7 రెట్లు. నాలుగు గోడలకూ ముదురు నీలం వేస్తే, అవి తిరిగిచ్చేది 10 పైసలు అనుకున్నా, వెలుగు 1.3 రెట్లకు పడిపోతుంది. సగానికి సగం పోయింది! ఇప్పుడు గోడలను లేతగానే ఉంచి, గచ్చు మీద 60 పైసలు తిరిగిచ్చే లేత టైల్స్ పరవండి: 3.3 రెట్లు. గోడ ముట్టుకోకుండానే ఇంత తేడా. రంగు కోసం రోజుల తరబడి టెన్షన్ పడేవాళ్ళు గచ్చు వైపు ఒక్కసారి చూడరు.

షేడ్ కార్డులో లేతగా కనిపించిన రంగు గోడ మీద చిక్కబడిపోయిందని పెయింటర్‌తో గొడవ పడతారు చూశారా, అదీ ఈ చక్రవడ్డీ పనే. ఒక లేత ఆకుపచ్చ షేడు ఆకుపచ్చ వెలుగులో 80 పైసలు, ఎరుపులో 60 పైసలు తిరిగిస్తుందనుకోండి. కార్డు మీద ఎరుపు ఆకుపచ్చలో ముప్పాతిక. గది మొత్తం అదే రంగైతే, తిరిగి తిరిగి వచ్చాక గోడ మీద పడేది ఆకుపచ్చ 5, ఎరుపు 2.5; అందులోంచి గోడ మన కంటికి తిరిగిచ్చేది ఆకుపచ్చ 4, ఎరుపు 1.5. ముప్పాతిక కాస్తా మూడో వంతుకు దగ్గరపడింది. రెండు గోడలు కలిసే మూలకు దగ్గరగా వెళ్ళి చూడండి. ఒకే డబ్బాలోని రంగు అక్కడ ఇంకా చిక్కగా ఉంటుంది. అందుకే నచ్చిన షేడు కంటే ఒకటి రెండు మెట్లు లేతది ఎంచుకోండి.

వెలుగు పెరిగితే గది నిజంగా పెద్దగా అనిపిస్తుందా? జర్మనీలో ఓబర్‌ఫెల్డ్, హెష్ట్, గామర్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. లేత సీలింగు ఎక్కువ ఎత్తున ఉన్నట్టు కనిపించింది. గోడలు లేతగా ఉన్నా గది ఎత్తుగానే తోచింది. ఈ రెండూ ఒకదానికొకటి కలిసొస్తాయి. సీలింగు తెల్లగా ఉంచి గోడలు ముదురు చేస్తే, తేడా వల్ల సీలింగు పైకి లేచినట్టుంటుందని చెప్పే సలహా ఈ పరీక్షలో నిలబడలేదు.

కోనసీమ మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన ఇల్లు, చూసినవాళ్ళకు గదులు ఎంత చిన్నవో తెలుసు. అయినా ఆ ఇంట్లో ఇరుకనిపించదు. 1942లో మూన్, స్పెన్సర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన సంగతి ఇక్కడ పనికొస్తుంది: పూర్తిగా మబ్బు పట్టిన ఆకాశం నడినెత్తిన, అంచుల కంటే మూడు రెట్లు కాంతిగా ఉంటుంది. కొబ్బరి తోటల మధ్య ఇంటికి పక్క కిటికీల్లోంచి కనిపించేవి ఆకులే, తమ మీద పడిన వెలుగులో సుమారు పదో వంతే తిరిగిచ్చే ఆకులు. మండువా మాత్రం నడినెత్తి ఆకాశాన్ని నేరుగా ఇంట్లోకి దింపుతుంది. శ్రావణ మాసపు ముసురులోనూ లోపల చదువుకోగలిగేది అందుకే.

ఇప్పటి ఇళ్ళలో నైరుతి బరువుగా ఉండాలంటూ పడగ్గదికి ఆ వైపు కిటికీ తీసేస్తున్నారు. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది. అసలే లేనిచోట వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది?

డెల్టాలో ఇంకో శత్రువు చెమ్మ. తడిసిన సున్నపు గోడ నల్లబడుతుంది, మురికి లేకపోయినా సరే. సున్నంలోని సన్నటి రంధ్రాల్లో గాలి ఉన్నప్పుడు వెలుగు అడుగడుగునా చెదిరి తొందరగా బయటపడుతుంది. గాలి స్థానంలో నీళ్ళు నిండితే ఆ చెదరడం తగ్గి, వెలుగు లోతుకు వెళ్ళి అక్కడే ఇంకిపోతుంది. కాబట్టి కొత్త రంగు డబ్బా కొనేముందు స్లాబు కారడం ఆపండి. లప్పం, ప్రైమర్ సంగతి ఆ తర్వాత.

వడ్డీ లెక్కలో అద్దం తెల్ల గోడ కంటే పెద్దగా చేసేదేమీ లేదు. దాని పని వేరు. వస్తువు అద్దానికి ఎంత ముందుంటే మిథ్యా ప్రతిబింబం అంత వెనక ఉంటుందని స్కూల్లో అందరం బట్టీ పట్టాం. బంగారం షాపు అంత విశాలంగా కనిపించేది ఈ వాక్యం వల్లేనని ఏ మాస్టారైనా చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు. పదడుగుల గదిలో కిటికీకి ఎదురుగా అద్దం పెట్టి నడిమధ్య నిలబడండి. అద్దంలో కిటికీ మీకు 15 అడుగుల దూరంలో ఉంటుంది. మంచానికి ఎదురుగా అద్దం ఉంటే అరిష్టమని గుడ్డ కప్పేస్తుంటారు, ఆ భయానికి ఏ ఆధారమూ లేదు.

రాత్రి కిటికీ పని తిరగబడుతుంది. లైటు వెలుగు అందులోంచి బయటికి పోయి ఇక తిరిగిరాదు. మన పది బై పది గదిలో నాలుగు బై నాలుగు అడుగుల కిటికీకి లేత రంగు కర్టెన్ లాగితే గది వెలుగు సుమారు 4 శాతం పెరుగుతుంది. ముదురు మెరూన్ కర్టెన్ అయితే అది కూడా దాదాపు రాదు.